కాటా గదిలో ఎక్స్‌పీ, ఆఫీసులో టెన్: మధ్యన సెవెన్ ఎందుకు ఉండాలి

తాడిపత్రి చుట్టుపక్కల బండల పాలిష్ ఫ్యాక్టరీలలోనూ, అనంతపురం వైపు వేరుశనగ మిల్లులలోనూ గేటు పక్కనున్న కాటా గదిలోకి తొంగి చూస్తే, విండోస్ ఎక్స్‌పీతో నడిచే కంప్యూటరు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది. యజమాని పిసినారితనం వల్లనే అది అక్కడ మిగిలిపోయిందని అనుకుంటే అన్యాయం. లారీ బరువు చూపే ఇండికేటరు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ద్వారా బరువును పంపుతుంది. దానిని చదివి చీటీ ముద్రించే ప్రోగ్రాము ఏనాడో రాయించుకున్నది, రాసిన మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఖాళీ బరువు, లోడు బరువు, నికర బరువు కార్బన్ కాపీతో సహా కొట్టి ఇస్తుంది. ఇంత చక్కగా సాగుతున్న ఏర్పాటును కదపడానికి ఎవరైనా జంకుతారు, జంకడం సబబే కూడా.

చిక్కంతా ఆ గదిని ఆఫీసుతో కలపవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. ఈ-వే బిల్లు తీయడానికి ఎక్స్‌పీలోని పాత బ్రౌజర్లు పనికిరావు కనుక ఆఫీసులో విండోస్ టెన్ కంప్యూటరు ఉంటుంది. లెక్కలు చూసే గుమాస్తా దగ్గర విండోస్ సెవెన్, దానికి యూఎస్‌బీ తీగతో తగిలించిన లేజర్ ప్రింటరు ఉంటాయి. కాటా బరువుల ఫైలు ఆఫీసుకు చేరాలి, కాటా గదిలోని మనిషి అవసరమైనప్పుడు ఆఫీసు లేజర్ మీద ఒక కాగితం తీయగలగాలి. కోరిక ఇంతే అయినా దీని కోసం ఊళ్ళో పిలిచిన ప్రతి మెకానిక్కూ ఒక్కొక్క సెట్టింగు మార్చి పోవడం వల్ల, కొన్నాళ్ళకు ఏ కంప్యూటరులో ఏది తెరిచి ఉందో, ఏది మూసి ఉందో ఎవరికీ అంతుపట్టని స్థితి వస్తుంది.

‘టెన్‌లో ఎక్స్‌పీ కనబడడం లేదు, ఏమి చేయాలి?’ అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు, విండోస్ ఫీచర్లలోకి వెళ్ళి ఎస్‌ఎంబీ వన్‌ను ఆన్ చేయమనడం. అది పని చేస్తుంది, కాని నేను ఆ సలహా ఇవ్వను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళను, ప్రింటర్లను పంచుకోవడానికి వాడే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. ఎక్స్‌పీకి దానిలో మొదటి తరం తప్ప మరేదీ తెలియదు. విస్టాతో రెండవ తరం వచ్చింది, సెవెన్‌లో అది 2.1 అయింది, ఎయిట్‌తో మూడవ తరం మొదలై టెన్ నాటికి 3.1.1కు చేరింది. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఈ మొదటి తరంలోని ఒక లోపానికి మరమ్మతు విడుదల చేసింది. మరమ్మతు వేసుకోని యంత్రాల మీద అదే సంవత్సరం మే నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము విరుచుకుపడి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అప్పటికే ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయి మూడేళ్ళు దాటినా, ఆ మరమ్మతును దానికి కూడా విడుదల చేయవలసి వచ్చింది. అదే ఏడాది చివరలో వచ్చిన టెన్ 1709 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యంత్రాలలో మొదటి తరపు పంచే భాగాన్ని ముందుగా అమర్చడం మానేశారు. హోమ్, ప్రో ఎడిషన్లలో వేరే యంత్రం పంచినది తీసుకునే భాగాన్ని మొదట్లో ఉంచినా, ఆన్‌లో ఉన్న కాలం మొత్తం 15 రోజులు అయ్యేలోగా ఎవరూ వాడకపోతే దానంతట అదే తొలగిపోయే ఏర్పాటు కూడా ఉంది. ‘పోయిన నెల బాగానే ఉండె, ఇప్పుడెందుకో రాదు’ అనే ఫిర్యాదులలో కొన్నిటికి కారణం ఇదే; ఎవరూ ఏమీ ముట్టుకోలేదన్న మాట కూడా నిజమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పంపకంలో ఎప్పుడూ ఒకరు పంచేవారు, ఒకరు వచ్చి తీసుకునేవారు ఉంటారు. ఫోల్డరును ఎక్స్‌పీలో పంచి టెన్ నుంచి తెరవాలంటే టెన్‌కు మొదటి తరం భాష రావాలి. ఫోల్డరును టెన్‌లో పంచి ఎక్స్‌పీ నుంచి తెరవాలంటే టెన్ ఆ భాషలో జవాబు చెప్పగలగాలి, అది మరింత ప్రమాదం. సెవెన్‌కు మాత్రం రెండూ వచ్చు, అదనంగా ఏదీ ఆన్ చేయనవసరం లేదు. కాబట్టి ఫోల్డరు, ప్రింటరు రెండూ సెవెన్‌లోనే పంచి, ఎక్స్‌పీని ఒక పక్క నుంచి, టెన్‌ను మరొక పక్క నుంచి దాని దగ్గరకే రప్పిస్తే, ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసిన పనే లేకుండా పోతుంది. పూర్వం దొర దగ్గర, రైతు దగ్గర ఇద్దరి మాటా తెలిసిన దుబాసి చేసిన పని ఇక్కడ సెవెన్ చేస్తుంది.

దీనివల్ల పెద్ద లాభం మరొకటి ఉంది. ఎక్స్‌పీ కేవలం వెళ్ళి తెచ్చుకునే యంత్రమే కనుక దాని ఫైర్‌వాల్‌లో (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా ప్రోగ్రాములో) ఒక్క తలుపు కూడా తెరవనవసరం లేదు. మినహాయింపులు ఏవీ అనుమతించవద్దనే గడిలో టిక్కు పెట్టి దానిని పూర్తిగా మూసివేయవచ్చు. ఎక్స్‌పీలో సింపుల్ ఫైల్ షేరింగ్ ఉంచాలా తీయాలా, పాస్‌వర్డు అడగని గెస్ట్ ఖాతా ఆన్ చేయాలా అన్న చర్చ మొత్తం అక్కడితో ముగుస్తుంది.

సెట్టింగులలోకి పోయే ముందు తీగను చూడాలి. ఈథర్‌నెట్ రాగి తీగకు 100 మీటర్లు హద్దు. బండల యార్డులో గేటు నుంచి ఆఫీసు వరకు, గోడ వెంట తిప్పుకుంటూ పోతే ఆ హద్దు దాటడం పెద్ద విశేషం కాదు. ‘లైటు వెలుగుతాంది కదన్నా, కేబులు బాగానే ఉంది’ అని కాటా గదిలోని అబ్బాయి అంటాడు. లైటు వెలగడం అంటే రెండు కొసలూ ఒకదానినొకటి గుర్తించాయని మాత్రమే అర్థం, డేటా నష్టం లేకుండా పోతున్నదని కాదు. ఎండకు పెళుసెక్కిన తీగ, రాతి దుమ్ము నిండిన జాక్, పంటితో ఒలిచి క్రింప్ చేసిన కొస, ఇవన్నీ లైటును వెలిగిస్తూనే పెద్ద ఫైళ్ళను మధ్యలో తెంపేస్తాయి. ఎదుటి యంత్రం జవాబిస్తున్నదా అని అడిగే పింగ్ ఆదేశాన్ని పెద్ద ప్యాకెట్లతో ఆపకుండా కొంతసేపు నడిపి, ఎన్ని జవాబులు రాలేదో చూడాలి. దానిని ఎక్స్‌పీ వైపు నుంచి సెవెన్ వైపుకే నడపాలి. ఎదురు దిక్కున నడిపితే, మనమే మూసిన ఎక్స్‌పీ ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వదు. అది చూసి తీగ చెడిందని తేల్చుకుంటే లేని రోగానికి మందు వేసినట్లవుతుంది. మరొక సంగతి: పాత నెట్‌వర్క్ కార్డులో ఎవరైనా వేగాన్ని 100 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి రెండు దిక్కులా) అని చేత్తో బిగించి ఉంటే, ఎదుటనున్న ఆటోమేటిక్ స్విచ్ హాఫ్ డూప్లెక్స్‌కు (ఒకసారికి ఒక దిక్కుకే) దిగిపోతుంది. అప్పుడు చిన్న పింగ్‌లు బాగానే పోతాయి, కాపీ మాత్రం నత్తనడక నడుస్తుంది. దానిని మళ్ళీ ఆటోకు మార్చాలి.

తరువాత ఐపీ అడ్రసులు. 169.254తో మొదలయ్యే అడ్రసు కనబడితే ఆ యంత్రానికి రూటరు నుంచి ఏమీ అందలేదని అర్థం, ఆ పైన ఏ సెట్టింగు మార్చినా వృథా. ఇటువంటి చిన్న నెట్‌వర్కులో మూడింటికీ స్థిరమైన అడ్రసులు, రూటరు తానుగా పంచే వరుసకు వెలుపల, ఇచ్చివేయడం మేలు. ఎక్స్‌పీకి అడ్రసు ఇచ్చేటప్పుడు డిఫాల్ట్ గేట్‌వే గడిని ఖాళీగా వదిలేయండి. ఒకే సబ్‌నెట్‌లోని, అంటే ఒకే స్థానిక నెట్‌వర్కులోని, సెవెన్‌తో మాట్లాడటానికి దానికి గేట్‌వే అక్కరలేదు, గేట్‌వే లేకపోతే ఇంటర్నెట్‌కు దారి లేదు. 2014 ఏప్రిల్ 8తో మద్దతు ముగిసిన యంత్రానికి ఖర్చు లేకుండా చేయగలిగిన రక్షణలలో ఇంతకన్నా మంచిది నాకు కనబడలేదు. పాటలు వినడానికి వీలు పోయిందని కాటా గదిలో కొంత సణుగుడు ఉంటుంది.

ఇక చాలామందిని తప్పుదారి పట్టించేది నెట్‌వర్క్ కిటికీ. అందులో బొమ్మ కనబడకపోతే కంప్యూటరు దొరకలేదనే అనుకుంటారు. కనబడటం వేరు, అందుబాటులో ఉండటం వేరు. ఎక్స్‌పీ కాలపు జాబితాను నెట్‌వర్కులోని ఏదో ఒక యంత్రం పెద్దగా ఎన్నికై నిర్వహిస్తుంది. ఆ యంత్రాన్ని ఆపివేస్తే మళ్ళీ ఎన్నిక జరగాలి, ఆరిపోయిన యంత్రం పేరు 51 నిమిషాల వరకు జాబితాలో నిలిచి ఉండవచ్చు, వెలిగిన యంత్రం పేరు వెంటనే చేరకపోవచ్చు. కరెంటు పోయి వచ్చే మన ఊళ్ళలో ఈ జాబితాను నమ్ముకోవడం దండగ. టెన్ అసలు ఆ జాబితాను చూడదు, అది వేరే సర్వీసు ద్వారా వెతుకుతుంది. అందుచేత కిటికీని పక్కనపెట్టి, రన్ పెట్టెలో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, ఆ వెంటనే సెవెన్ ఐపీ నంబరు ఇచ్చి ఎంటర్ నొక్కండి. తెరుచుకుంటే నెట్‌వర్కు బాగున్నట్లే. నంబరుతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే తప్పు పేరు దగ్గరే ఉంది: పేరు 15 అక్షరాలు మించిందా, టీసీపీ ఐపీ సెట్టింగుల్లో పాత పద్ధతిలో పేర్లు వెతికే నెట్‌బయోస్ ఆఫ్‌లో ఉందా అని చూసుకోవచ్చు, లేదా పేరుకు నంబరు జతచేసే హోస్ట్స్ ఫైలులో ఒక వరుస రాసి ఆ గొడవను వదిలించుకోవచ్చు. వర్క్‌గ్రూపు పేరు విషయంలోనూ ఇంతే. ఎక్స్‌పీ హోమ్‌లో అది ఎంఎస్‌హోమ్ అనీ, ప్రోలో వర్క్‌గ్రూప్ అనీ ముందుగానే ఉంటుంది. రెండూ వేరైతే జాబితాలో విడివిడిగా కనబడతాయే తప్ప నేరుగా తెరవడానికి అది అడ్డు కాదు.

తెరుచుకోనప్పుడు తెర మీద వచ్చే పొడుగాటి సందేశం కన్నా, కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ ఆదేశం ఇచ్చే ఎర్రరు నంబరు ఎంతో నిజాయితీ గలది. 53 వస్తే దారే దొరకలేదు: తీగ, అడ్రసు, సెవెన్ ఫైర్‌వాల్, లేదా సెవెన్ ఈ నెట్‌వర్కును పబ్లిక్ అని నమోదు చేసుకొని ఉండటం. 67 వస్తే యంత్రం దొరికింది కాని ఆ పేరుతో పంచిన ఫోల్డరు దొరకలేదు, అక్షరాలు సరిచూసుకోవాలి. 1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. 5 అంటే మనిషిని గుర్తుపట్టింది కాని అనుమతి లేదు. 1219 వస్తే అదే సెవెన్‌కు ఇంతకుముందే మరొక యూజర్ పేరుతో కనెక్షన్ ఉంది, దానిని తెంచితే గాని రెండవ పేరు ఒప్పుకోదు. 53 వచ్చినప్పుడు పాస్‌వర్డులు మార్చేవారిని, 1326 వచ్చినప్పుడు స్విచ్ కొనేవారిని చూస్తుంటాం కనుక ఇంత వివరంగా చెబుతున్నాను.

పాస్‌వర్డు రక్షణను ఆఫ్ చేసి అందరినీ రానివ్వమనే సలహా ఈ పనిలో బాగా ప్రచారంలో ఉంది. ఇప్పటికి పని జరిగినా రేపు అది ఎదురు తిరుగుతుంది. విండోస్ 11లోని 24హెచ్2 వెర్షన్ ప్రో ఎడిషన్ గెస్ట్‌గా లోపలికి పోవడాన్ని నిరాకరిస్తుంది. టెన్ స్థానంలో అది వచ్చిన రోజున ఆఫీసు పని ఆగిపోతుంది. సెవెన్‌లో కాటా కోసం ఒక ఖాతా, ఆఫీసు కోసం ఒక ఖాతా తెరిచి, రెండింటికీ పాస్‌వర్డు పెట్టండి. పాస్‌వర్డు ఖాళీగా ఉన్న ఖాతాను విండోస్ యంత్రం ముందు కూర్చున్నవారికి మాత్రమే ఒప్పుకుంటుంది, నెట్‌వర్కు మీద నుంచి ఒప్పుకోదు. టెన్ వాడేవారు రోజూ కొట్టే నాలుగంకెల పిన్‌ను ఇక్కడ ఇస్తుంటారు; పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం, సెవెన్‌కు దానితో సంబంధం లేదు. సెవెన్‌లో తెరిచిన ఖాతా పేరు, దాని పాస్‌వర్డు ఇచ్చి, గుర్తుంచుకోమని టిక్కు పెడితే సరిపోతుంది. అనుమతులు రెండు చోట్ల ఉంటాయి, షేరింగ్ ట్యాబ్‌లో ఒకసారి, సెక్యూరిటీ ట్యాబ్‌లో మరొకసారి; రెండింటిలో ఏది తక్కువైతే నెట్‌వర్కు నుంచి వచ్చినవారికి అదే వర్తిస్తుంది.

ఇక్కడే మరొక హెచ్చరిక. కాటా ప్రోగ్రాము డేటాబేస్‌నే తీసుకొచ్చి సెవెన్‌లోని పంచిన ఫోల్డరులో పెట్టవద్దు. లారీ కాటా మీద ఉండగా కరెంటు పోతే, రాస్తున్న ఫైలు సగంలో తెగి ఇండెక్సు చెడిపోతుంది. డేటా ఎక్స్‌పీలోనే ఉండనివ్వండి. దాని నకలును మాత్రం ఎక్స్‌కాపీ ఆదేశంతో చిన్న బ్యాచ్ ఫైలు రాసి, షెడ్యూల్డ్ టాస్క్ ద్వారా నిర్ణీత వేళల్లో సెవెన్‌కు పంపండి. ఆ బ్యాచ్ ఫైలులో జెడ్ వంటి డ్రైవ్ అక్షరం కాకుండా పూర్తి దారి రాయాలి, ఎందుకంటే ఎవరూ లాగిన్ కాని వేళ ఆ అక్షరం ఉండదు. టాస్క్ నడిచే ఎక్స్‌పీ ఖాతాకు కూడా పాస్‌వర్డు ఉండాలి. సెవెన్‌లో తెరిచిన కాటా ఖాతాకు ఉన్న పేరు, పాస్‌వర్డులనే దానికీ ఇస్తే వేరే ప్రశ్న అడగకుండా లోపలికి రానిస్తుంది.

ప్రింటరు దగ్గర జనం ఎక్కువ కాలం ఇరుక్కుంటారు. ఎక్స్‌పీ 32 బిట్, సెవెన్ 64 బిట్ అయితే, ఎక్స్‌పీలో కూర్చుని, సెవెన్ పంచిన ప్రింటరు మీద రెండుసార్లు నొక్కగానే సెవెన్ తన డ్రైవరును (ప్రింటరును నడిపే ప్రోగ్రామును) అందించబోతుంది, అది ఎక్స్‌పీకి సరిపడదు. సెవెన్‌లో అదనపు డ్రైవర్లు అనే బొత్తాం నొక్కి 32 బిట్‌ది చేర్చమనడం పుస్తకంలోని దారి. పాత ప్రింటర్ల డ్రైవర్లు ఇన్‌స్టాలర్‌లో చుట్టి వస్తాయి కనుక అక్కడ అడిగే ఐఎన్ఎఫ్ ఫైలు వెతుక్కోవడం ఒక యాతన. నేను ఎప్పుడూ వెళ్ళేది అడ్డదారిలోనే. ఎక్స్‌పీలో ప్రింటరును చేర్చేటప్పుడు నెట్‌వర్క్ ప్రింటరు అనకుండా లోకల్ ప్రింటరు అని ఎంచుకుని, కొత్త పోర్టుగా లోకల్ పోర్టు అడిగి, పోర్టు పేరు ఉండవలసిన చోట రెండు బ్యాక్‌స్లాష్‌లు, సెవెన్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటరు షేర్ పేరు ఇచ్చి, ఎక్స్‌పీకి సరిపడే డ్రైవరును ప్రింటరుతో వచ్చిన సీడీ నుంచి వేయాలి. అప్పుడు ఎక్స్‌పీ తన డ్రైవరుతో పేజీని తయారుచేసి, తయారైన సరుకును సెవెన్‌కు పంపుతుంది, సెవెన్ దానిని ప్రింటరుకు తోస్తుంది. ఇద్దరి డ్రైవర్లకూ పొత్తు కుదరవలసిన అవసరం ఉండదు. షేర్ పేరు చిన్నదిగా, ఖాళీలు లేకుండా ఉండాలి.

చీటీ ప్రోగ్రాము డాస్ కాలపుదై, ఎల్‌పీటీ వన్ అనే పాత ప్రింటరు పోర్టుకు తప్ప ముద్రణ పంపలేనిదైతే, నెట్ యూజ్ ఆదేశంతో ఎల్‌పీటీ వన్‌ను పంచిన ప్రింటరుకు మళ్ళించవచ్చు. ఇది డాట్ మ్యాట్రిక్స్‌కు చక్కగా నప్పుతుంది. చిన్న లేజర్లకు నప్పదు, ఎందుకంటే వాటిలో చాలా వాటికి అక్షరాలు నేరుగా అర్థం కావు, పేజీ మొత్తాన్ని కంప్యూటరే చుక్కలుగా మార్చి ఇవ్వాలి. మన ఆఫీసులలో బాగా కనబడే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఈ జాతిదే. పైగా ఆన్ చేసిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్‌ను (ప్రింటరు లోపల నడిచే ప్రోగ్రామును) కంప్యూటరే ఎక్కించాలి. ‘ప్రింటరును నేరుగా నెట్‌వర్కుకు కలిపే ఒక ప్రింట్ సర్వర్ డబ్బా కొని తగిలిస్తే పోలేదా?’ అని అడిగేవారికి నేను వద్దని చెప్పడానికి కారణం ఇదే. డబ్బా ఆ పని చేయదు, సెవెన్ చేస్తుంది.

ప్రింటరును టెన్‌కు తగిలించి పంచితే మరొక చిక్కు ఉంది. 2021 సెప్టెంబరు అప్‌డేట్ల తరువాత అటువంటి ప్రింటరుకు పాత యంత్రాలు కనెక్ట్ కాబోతే చివర 11బి అని ఉండే ఎర్రరు వస్తుంది. రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేస్తే అది పోతుందని అందరూ చెబుతారు. పోయేది ఆ అప్‌డేట్ తెచ్చిన రక్షణే కనుక నేను దానికి చేయి పెట్టను. ప్రింటరు సెవెన్‌లో ఉంటే ఆ ప్రశ్న రాదు.

రెండు చిన్న విషయాలు మిగిలాయి. పని లేకుండా 15 నిమిషాలు గడిస్తే సెవెన్ ఆ కనెక్షన్‌ను తెంచుతుంది, డ్రైవ్ బొమ్మ మీద ఎర్ర గుర్తు పడుతుంది. నొక్కగానే మళ్ళీ కలుస్తుంది కనుక అది జబ్బు కాదు. కొత్త యాంటీవైరస్ వేసిన తరువాత, ఆదేశం నెరవేర్చడానికి సర్వర్‌లో చాలినంత స్థలం లేదనే అర్థం వచ్చే సందేశం కనబడితే, డిస్క్ ఖాళీ చేయడం వల్ల ఫలితం ఉండదు. అది ఐఆర్‌పీ స్టాక్ సైజ్ అనే రిజిస్ట్రీ విలువకు సంబంధించినది. పంచే యంత్రంలో దానిని 15 నుంచి కొద్ది కొద్దిగా పెంచి రీస్టార్ట్ చేయాలి.

సెవెన్‌కు కూడా 2020 జనవరి 14తో మద్దతు ముగిసింది, టెన్‌కు 2025 అక్టోబరు 14తో. కాబట్టి సెవెన్‌లో బ్రౌజింగు, మెయిలు మానిపించి, పంచిన ఫోల్డరు నకలును రోజూ వేరే డిస్క్‌కు తీసి ఆ డిస్క్‌ను ఊడదీసి బీరువాలో పెట్టడం అవసరం. ఆ సెవెన్ యంత్రం పాడైనప్పుడు మరొక సెవెన్ కోసం పాత సామాన్ల దుకాణాలు తిరగనవసరం లేదు. ఏదైనా పాత పెట్టెలో లినక్స్ వేసి, ఎస్‌ఎంబీ పద్ధతిలో పంచగల సాంబా అనే ప్రోగ్రాము పెడితే అదే పని చేస్తుంది, అప్‌డేట్లు కూడా అందుతుంటాయి. సాంబా 4.11 నుంచి మొదటి తరం ఎస్‌ఎంబీ ముందుగా ఆఫ్‌లో ఉంటుంది కనుక, దాని కాన్ఫిగరేషన్‌లో సర్వర్ మిన్ ప్రోటోకాల్ అనే వరుసలో మొదటి తరానికి గుర్తైన ఎన్‌టీ వన్ అని రాయాలి. ఎక్స్‌పీ పాత పద్ధతిలోనే పాస్‌వర్డు పంపుతుంది కాబట్టి, ఎన్‌టీఎల్ఎం ఆథ్ అనే వరుసను కూడా సరిచూసుకోవాలి. హోస్ట్స్ అలో అనే వరుసలో మన రెండు యంత్రాల అడ్రసులు తప్ప మరేవీ రాయకండి.